ఇంప్లాంట్ చుట్టూ ఎముక తగ్గిందన్నారా? ఎంతవరకు మామూలు, ఎప్పుడు జాగ్రత్త పడాలి, మీ దగ్గర ఏం ఉండాలి

పన్ను పోయిన చోట ఇంప్లాంట్ పెట్టించుకున్నారు. మూడు నాలుగు నెలలు ఆగి క్యాప్ కోసం వెళ్లారు. ఎక్స్‌రే చూసిన డాక్టర్ ‘ఎముక కొంచెం తగ్గింది, మామూలే’ అన్నారు. అనుమానం తీరక ఇంకో క్లినిక్‌లో చూపిస్తే ‘ఎముక పోతోంది, ఇలాగే వదిలేస్తే కష్టం’ అన్నారు. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరూ తమకు కనిపించింది చెప్పి ఉండొచ్చు. ఇంప్లాంట్ పెట్టాక మొదటి ఏడాదిలో చుట్టూ ఎముక కొద్దిగా తగ్గడం సహజం. ఆ తర్వాత కూడా తగ్గుతూ పోతే అది జబ్బు. ఈ రెండింటినీ ఒక్క ఎక్స్‌రేతో విడదీయడం కష్టం. పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది. ఆ పాత ఎక్స్‌రే చాలామంది దగ్గర ఉండదు. మన దేశంలో దాన్ని మీ కోసం దాచిపెట్టే ప్రభుత్వ వ్యవస్థ కూడా లేదు. అందుకే ఈ విషయం మీరే తెలుసుకుని, మీరే దాచుకోవాలి.

ఇంప్లాంట్ ఎముకలో ఎలా నిలుస్తుంది?

ఇంప్లాంట్ అంటే పన్ను వేరు స్థానంలో దవడ ఎముకలోకి దించే చిన్న స్క్రూ. ఎక్కువగా టైటానియంతో చేస్తారు. దాని మీద అబట్‌మెంట్ అనే జోడింపు ముక్క, దాని మీద పన్ను ఆకారంలో క్యాప్ వస్తాయి.

స్వీడన్‌కు చెందిన పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకలో రక్తప్రసరణను పరిశీలిస్తుండగా, లోపల అమర్చిన టైటానియం పరికరం ఎముకతో కలిసిపోయి బయటికి రాలేదు. ఎముక, లోహం ఇలా అతుక్కుపోవడాన్నే ఆసియోఇంటిగ్రేషన్ అంటారు. 1965లో ఆయన తొలిసారి ఒక మనిషి దవడలో ఇంప్లాంట్లు అమర్చారు. 1982లో టొరంటోలో జరిగిన సదస్సు తర్వాత ఈ పద్ధతి ప్రపంచమంతా వ్యాపించింది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. పెట్టిన రోజు ఇంప్లాంట్ గట్టిగా ఉందంటే, గోడలో బిగించిన స్క్రూలా పట్టు వల్ల మాత్రమే. తర్వాతి వారాల్లో స్క్రూను ఆనుకున్న పాత ఎముక కొంత కరిగి, దాని చోట కొత్త ఎముక పెరుగుతుంది. పాత పట్టు తగ్గి కొత్త పట్టు ఇంకా పూర్తిగా రాని రోజులు మధ్యలో ఉంటాయి. సుమారు మూడు, నాలుగు వారాల దగ్గర ఇంప్లాంట్ కాస్త బలహీనంగా ఉండేది అందుకే. నొప్పి లేదు కదా అని అప్పుడే ఆ వైపు చెక్కలు, వేరుశనగ పప్పులు కొరకొద్దని చెప్పేది కూడా అందుకే.

బ్రోనెమార్క్ పద్ధతిలో కింది దవడకు సుమారు 3 నెలలు, పై దవడకు 6 నెలలు ఆగి పన్ను వేసేవారు. పై దవడ ఎముక మెత్తగా ఉండటం దీనికి కారణం. ఇప్పటి ఇంప్లాంట్ల ఉపరితలం మెరుగుపడింది కాబట్టి చాలామందికి ఇంత కాలం అవసరం రావడం లేదు.

మానే కాలంలో ఎముక ఎందుకు తగ్గుతుంది?

కారణం ఒక్కటే ఉండదు. ప్రధానంగా నాలుగు చెప్పుకోవచ్చు.

ఒకటి, డ్రిల్లింగ్. ఎముకలో రంధ్రం చేసేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక నిమిషం పాటు ఉంటే ఎముక దెబ్బతింటుందని 1980లలో జంతువులపై చేసిన ప్రయోగాల్లో తేలింది. డ్రిల్ మీద చల్లని సెలైన్ పోస్తూ, మధ్యమధ్యలో ఆపుతూ చేసేది ఇందుకే. డ్రిల్ మొద్దుబారినా, తొందరపడినా వేడి పెరుగుతుంది. స్క్రూను అవసరానికి మించి బిగించినా పై అంచు ఎముక మీద ఒత్తిడి పడుతుంది.

రెండు, పన్ను తీయడం. పన్ను తీసిన చోట దవడ ఎముక సహజంగానే సన్నబడుతుంది. ఏడాదిలో వెడల్పులో దాదాపు సగం తగ్గవచ్చు, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. పన్ను తీసిన వెంటనే ఇంప్లాంట్ పెట్టినా ఈ తగ్గుదల ఆగదు. ముఖ్యంగా ముందు పళ్ల దగ్గర పెదవి వైపు ఎముక చాలా పలుచగా ఉంటుంది.

మూడు, చిగురు. ఇంప్లాంట్ చుట్టూ చిగురు ఒక బిగువైన పట్టీలా ఏర్పడి, నోట్లోని బ్యాక్టీరియా లోపలికి దిగకుండా ఆపుతుంది. ఆ పట్టీకి 3 నుంచి 4 మిల్లీమీటర్ల ఎత్తు కావాలి. చిగురు పలుచగా ఉంటే చోటు చాలదు. అప్పుడు ఎముకే కిందికి తగ్గి చోటు ఇస్తుంది.

నాలుగు, అతుకు. ఇంప్లాంట్‌కూ అబట్‌మెంట్‌కూ మధ్య కంటికి కనిపించని సందు ఉంటుంది. అక్కడ చేరే బ్యాక్టీరియాకు, అతుకులోని సూక్ష్మ కదలికకు స్పందిస్తూ ఎముక కొద్దిగా వెనక్కి తగ్గుతుంది. అబట్‌మెంట్‌ను ఇంప్లాంట్ కంటే తక్కువ వ్యాసంతో చేసి, ఈ అతుకును ఎముక అంచు నుంచి లోపలికి జరిపే ‘ప్లాట్‌ఫామ్ స్విచింగ్’ డిజైన్లు వచ్చింది ఇందుకే.

పన్ను తీశాక జరిగే మార్పు, చిగురు చోటు కోసం జరిగే సర్దుబాటు ఎవరి తప్పూ కావు. డ్రిల్లింగ్ మాత్రం చేసే చేతిని బట్టి ఉంటుంది.

ఎంత తగ్గితే మామూలు?

బ్రోనెమార్క్ బృందం 1981లో 15 ఏళ్ల పరిశీలన ఫలితాలు ప్రచురించింది. మానే కాలం, పళ్లు బిగించిన మొదటి ఏడాది కలిపి సగటున 1.5 మిల్లీమీటర్లు, ఆ తర్వాత ఏటా సుమారు 0.1 మిల్లీమీటరు ఎముక తగ్గినట్టు అందులో తేలింది. మొదటి ఏడాది దాటాక ఏటా 0.2 మిల్లీమీటరు కంటే తక్కువ తగ్గితేనే ఇంప్లాంట్ విజయవంతమైనట్టు లెక్కించాలని 1986లో ప్రతిపాదించారు.

ఇప్పటి నిపుణులు ఆ పాత లెక్కలను యథాతథంగా తీసుకోవడం లేదు. నేటి డిజైన్లతో చాలా సందర్భాల్లో నష్టం అంతకంటే తక్కువే ఉంటోంది. 2017లో అమెరికా, యూరప్ చిగుళ్ల వైద్య సంఘాలు కలిసి జరిపిన సదస్సు, మొదట్లో జరిగే ఈ సర్దుబాటు 2 మిల్లీమీటర్లు మించకూడదని చెప్పింది.

మిల్లీమీటర్లు చిన్నవిగా అనిపించొచ్చు. కానీ చాలా ఇంప్లాంట్ల పొడవు 10 మిల్లీమీటర్ల అటూ ఇటూగా ఉంటుంది. 3 మిల్లీమీటర్లు పోయాయంటే పట్టులో దాదాపు మూడో వంతు పోయినట్టే.

కాబట్టి మీ డాక్టర్‌ను ‘ఎముక తగ్గిందా?’ అని అడిగి ఊరుకోవద్దు. ‘ఎప్పటితో పోలిస్తే, ఎంత తగ్గింది? అక్కడ ఆగిందా, ఇంకా తగ్గుతోందా?’ అని అడగండి. ఆగిపోయిన 1 మిల్లీమీటరు కంటే, ఆగకుండా తగ్గుతున్న అర మిల్లీమీటరే ప్రమాదం.

నష్టాన్ని పెంచేవి ఏమిటి?

పొగాకు: సిగరెట్, బీడీ, చుట్ట ఏదైనా సరే, పొగ తాగేవారిలో చిగుళ్లకు రక్తప్రసరణ తగ్గి గాయం ఆలస్యంగా మానుతుంది. ఇంప్లాంట్ విఫలమయ్యే ముప్పు పెరుగుతుంది. ‘ఇంప్లాంట్ అయ్యాక మానేస్తాను’ అనుకుంటే ఆలస్యమైనట్టే. మానే కాలంలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది.

షుగర్: అదుపులో ఉంటే ఇంప్లాంట్‌కు పెద్ద అడ్డంకి కాదు. అదుపు తప్పితే మానడమూ మందగిస్తుంది, ఇన్‌ఫెక్షన్ ముప్పూ పెరుగుతుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఇంప్లాంట్‌కు ముందే చేయించుకోండి.

చిగుళ్ల జబ్బు: గతంలో చిగుళ్ల జబ్బుతో పళ్లు కదిలి ఊడిన వారికి ముప్పు ఎక్కువ. మిగిలిన పళ్ల చుట్టూ ఉన్న జబ్బును ముందు నయం చేయకుండా పక్కనే ఇంప్లాంట్ పెట్టడం, చెద పట్టిన గుమ్మానికి కొత్త తలుపు బిగించడం లాంటిది.

మందులు: ఎముకలు గుల్లబారడానికి లేదా క్యాన్సర్‌కు బిస్‌ఫాస్ఫొనేట్, డెనోసుమాబ్ మందులు వాడుతుంటే తప్పక చెప్పండి. ఏడాదికోసారి ఇంజెక్షన్ తీసుకునేవారు ‘నేనేమీ మందులు వాడటం లేదు’ అని రాసేస్తుంటారు. తల, మెడ భాగాల్లో రేడియేషన్ తీసుకుని ఉన్నా చెప్పాలి.

తొందర: ఇంప్లాంట్ మీద వెంటనే పళ్లు బిగించే పద్ధతి ఉంది, అది శాస్త్రీయమే. కానీ మంచి ఎముక, మొదటి రోజే గట్టి పట్టు ఉన్నవారికే అది సరిపోతుంది. మానే కాలంలో ఇంప్లాంట్ సుమారు 150 మైక్రాన్లకు, అంటే 0.15 మిల్లీమీటరుకు మించి కదిలితే ఎముకకు బదులు మెత్తని కణజాలం చుట్టుకుంటుంది. అలాంటి ఇంప్లాంట్ నిలవదు. ‘మూడు రోజుల్లో పళ్లు’ అన్న ప్రకటన చూసి వెళ్తే, ‘నా ఎముకకు ఇది ఎందుకు సరిపోతుంది?’ అని అడగండి.

సిమెంట్: క్యాప్ అతికించినప్పుడు చిగురు కిందికి జారిన సిమెంట్ అక్కడే ఉండిపోతే వాపు మొదలవుతుంది. క్యాప్ వేసిన కొద్ది వారాల్లోనే చిగురు ఎర్రబడితే ఈ కోణంలో చూడమని అడగొచ్చు.

పాత ఎక్స్‌రే ఎందుకంత ముఖ్యం?

ఇంప్లాంట్ చుట్టూ ఎముక తినేసే ఇన్‌ఫెక్షన్‌ను పెరి ఇంప్లాంటైటిస్ అంటారు. 2017 సదస్సు దీనికి నిర్వచనం చెప్పింది. చిగురు నుంచి రక్తం లేదా చీము రావాలి, చిగురు సంచి లోతు మునుపటి కంటే పెరగాలి, మొదటి సర్దుబాటుకు మించి ఎముక తగ్గాలి. ఈ మూడూ ఉంటే జబ్బు ఉన్నట్టు.

‘మునుపటి కంటే’, ‘మొదటి సర్దుబాటుకు మించి’ అని తేల్చాలంటే పాత కొలతలు ఉండాలి. పాత రికార్డు లేనివారి కోసం ఆ నిపుణులే వేరే గీత గీశారు. రక్తస్రావంతో పాటు చిగురు సంచి లోతు 6 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ, ఎముక 3 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ కిందికి దిగి ఉంటేనే జబ్బుగా లెక్కించాలన్నారు.

దీని అర్థం ఒకసారి ఆలోచించండి. పాత ఎక్స్‌రే ఉన్నవారిలో ఎముక చిన్నగా తగ్గడం మొదలైనప్పుడే జబ్బును పట్టుకోవచ్చు. లేనివారిలో పట్టులో మూడో వంతు పోయాక గానీ ఖాయంగా చెప్పలేరు. ఒక చిన్న చిత్రం దాచుకోకపోవడం వల్ల వైద్యం మొదలయ్యే సమయమే మారిపోతోంది.

ఏ ఎక్స్‌రే, ఎప్పుడు?

మూడు సందర్భాలు గుర్తుంచుకోండి. ఇంప్లాంట్ పెట్టిన రోజు ఒకటి. క్యాప్ బిగించిన రోజు రెండోది, ముందు ముందు పోల్చుకోవడానికి ఇదే ముఖ్య ఆధారం. క్యాప్ వేసి ఏడాది అయ్యాక మూడోది. ఆ తర్వాత అవసరాన్ని బట్టి తీస్తారు.

నోట్లో చిన్న ఫిల్మ్ లేదా సెన్సర్ పెట్టి తీసేది కావాలి. క్లినిక్‌లలో దీన్ని ఐఓపీఏ లేదా ఆర్‌వీజీ అంటారు. దవడ మొత్తం కనిపించే ఓపీజీలో చిత్రం కాస్త పెద్దదిగా, కొన్నిచోట్ల మసకగా వస్తుంది. మిల్లీమీటర్ల తేడాకు అది సరిపోదు. ఒకసారి ఓపీజీ, ఇంకోసారి ఆర్‌వీజీ తీసి రెండింటినీ పోల్చినా లెక్క తప్పుతుంది.

చిత్రం సరిగా వచ్చిందో లేదో మీరూ చూడొచ్చు. స్క్రూ మరలు రెండు వైపులా రంపం పళ్లలా విడివిడిగా కనిపించాలి. అవి కలిసిపోయి మసకగా ఉంటే ఎక్స్‌రే కోణం తప్పినట్టు. మరలు స్పష్టంగా ఉంటే, ఎముక ఎన్నో మర దగ్గర ఉందో లెక్కపెట్టి రెండు చిత్రాలను పోల్చవచ్చు.

ఈ ఎక్స్‌రేకూ ఒక పరిమితి ఉంది. ఇంప్లాంట్‌కు అటూ ఇటూ పక్క పళ్ల వైపున్న ఎముకే ఇందులో కనిపిస్తుంది. పెదవి వైపు, నాలుక వైపు ఎముక కనిపించదు. కాబట్టి ఎక్స్‌రే బాగున్నా చిగురు కిందికి జారుతుంటే, లోపలి లోహం రంగు బయటికి తెలుస్తుంటే చూపించుకోవాలి.

ఏ లక్షణాలు కనిపిస్తే ఆగకూడదు?

మొదటి కొన్ని రోజులు వాపు, ఓర్చుకోగల నొప్పి మామూలే. తగ్గిన నొప్పి మళ్లీ పెరగడం, చీము, ఎడతెగని దుర్వాసన, పెదవి లేదా గడ్డం తిమ్మిరి తగ్గకపోవడం మామూలు కాదు. వెంటనే వెళ్లండి.

పన్ను కదులుతుంటే ముందుగా ఏది కదులుతోందో తేల్చాలి. క్యాప్ లేదా లోపలి స్క్రూ వదులైతే బిగిస్తే సరిపోతుంది. ఎముకలోని ఇంప్లాంటే కదులుతుంటే అది అతుక్కోలేదని అర్థం. దాన్ని తీసి, ఎముక మానాక మళ్లీ ప్రయత్నించాల్సి ఉంటుంది.

చిగురు మాత్రమే వాచి, ఎముక తగ్గకుండా ఉన్న దశలో శుభ్రం చేయించుకుంటే తిరిగి మామూలు స్థితికి రావచ్చు. ఎముక తగ్గడం మొదలైతే ముందు లోతుగా క్లీనింగ్, అది చాలకపోతే చిగురు తెరిచి శస్త్రచికిత్స చేస్తారు. పోయిన ఎముక పూర్తిగా తిరిగి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. యాంటీబయాటిక్ మాత్రలు మాత్రమే వాడి ఊరుకుంటే ఇది నయమయ్యే జబ్బు కాదు.

ప్రభుత్వ పథకాలు, బీమా ఆదుకుంటాయా?

చాలావరకు ఆదుకోవు. సాధారణ ఆరోగ్య బీమా పాలసీల్లో పంటి వైద్యాన్ని మినహాయిస్తారు. ప్రమాదంలో దెబ్బతిని ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మాత్రం చాలా పాలసీలు వర్తిస్తాయి. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ లాంటి పథకాలు ఉన్నది దవడ ఎముక విరగడం వంటి పెద్ద శస్త్రచికిత్సల కోసమే. పోయిన పన్ను స్థానంలో ఇంప్లాంట్ పెట్టించుకునే ఖర్చు దాదాపుగా మీ జేబులోంచే పోతుంది. అది విఫలమైతే రెండోసారి ఖర్చూ అంతే.

ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడపల్లో డెంటల్ కాలేజీలు ఉన్నాయి. ఇంప్లాంట్ వేరే చోట పెట్టించుకున్నా, చిగుళ్ల విభాగం అయిన పీరియాడాంటిక్స్‌లో చూపించి ఇంకో అభిప్రాయం తీసుకోవచ్చు. మీ దగ్గరున్న ఎక్స్‌రేలన్నీ వెంట తీసుకెళ్లండి.

ఫిన్లాండ్ 1994లోనే పంటి ఇంప్లాంట్లను జాతీయ రిజిస్టర్‌లో నమోదు చేయడం మొదలుపెట్టింది. మన దగ్గర అలాంటి తప్పనిసరి రిజిస్టర్ లేదు. ఏ కంపెనీ ఇంప్లాంట్ ఎంత కాలం నిలుస్తోంది, ఎన్ని తొలి ఏడాదిలోనే విఫలమవుతున్నాయి అనే లెక్క ప్రజల ముందుకు రావడం లేదు. క్లినిక్ మూతపడినా, డాక్టర్ ఊరు మారినా మీ ఇంప్లాంట్ చరిత్ర వారితోనే పోతుంది.

విదేశాల నుంచి సెలవుల్లో వచ్చి ఇక్కడ ఇంప్లాంట్ పెట్టించుకునే తెలుగువారికి ఇది మరింత వర్తిస్తుంది. సెలవు మూడు వారాలు, మానే కాలం నెలలు. ఇంప్లాంట్ బలహీనంగా ఉండే రోజుల్లో మీరు విమానంలోనో, వేరే దేశంలోనో ఉంటారు. అక్కడి డెంటిస్ట్‌కు కంపెనీ పేరు, సైజు తెలియకపోతే సరిపోయే స్క్రూ డ్రైవర్ దొరకడమే కష్టం.

నష్టం జరిగితే ఎవరిని అడగాలి?

ఫీజు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వీపీ శాంత కేసులో తేల్చింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులకు ఇది వర్తించదు. 2019 చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయాలి. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల్లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. డెంటిస్ట్ నడవడికపై రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఇంప్లాంట్ విఫలమైనంత మాత్రాన అది డాక్టర్ నిర్లక్ష్యం కాదు. బాగా చేసినవీ కొన్ని నిలవవు. ఎక్కడ లోపం జరిగిందో చూపించాలంటే కాగితాలు, చిత్రాలు కావాలి. అవి లేకపోతే నిజంగా నష్టపోయినవారూ ఏమీ నిరూపించలేరు. బాగా వైద్యం చేసిన డాక్టర్‌ను కాపాడేదీ ఆ రికార్డే. కాబట్టి దాన్ని అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

మీ దగ్గర ఉండాల్సినవి

ఇంప్లాంట్ డబ్బా మీద ఉండే స్టిక్కర్: కంపెనీ, మోడల్, వ్యాసం, పొడవు, లాట్ నంబర్ దాని మీద ఉంటాయి. మీ ఫైల్‌లో ఒకటి అతికించి ఇమ్మనండి.

మూడు ఎక్స్‌రేలు: తెర మీద చూపిస్తే ఫోన్‌తో ఫొటో తీసుకుని ఊరుకోవద్దు. అసలు ఫైల్‌ను ఈమెయిల్ చేయమనండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే స్పష్టత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి.

చిగురు కొలతలు: క్యాప్ వేసిన కొద్ది వారాలకు ఇంప్లాంట్ చుట్టూ సంచి లోతు కొలిచి రాసివ్వమనండి.

బిల్లులు, సంతకం చేసిన అంగీకార పత్రం కాపీ, వాడిన మందుల చీటీలు.

వీటిని డిజిలాకర్‌లోనో, ఈమెయిల్‌లోనో ఒకే చోట పెట్టుకోండి. ఫోన్ మారినా పోకూడదు.

ఇప్పటికే ఇంప్లాంట్ ఉండి, ఈ కాగితాలేవీ లేకపోతే కంగారు పడకండి. ఈ వారం క్లినిక్‌కు ఫోన్ చేసి పాత చిత్రాలు అడగండి. కంప్యూటర్‌లో ఉంటే ఇస్తారు. దొరకకపోతే ఇప్పుడు ఒక ఆర్‌వీజీ తీయించి, చిగురు కొలతలు రాయించుకోండి. గడిచిన కాలం లెక్క దొరక్కపోయినా, ఇక మీదట పోల్చుకోవడానికి అదే మీ మొదటి చిత్రం అవుతుంది. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ తీయించినప్పుడు, ఎముక ఆగిందో లేదో మీ డాక్టర్ ఖాయంగా చెప్పగలుగుతారు.